ఎడమవైపు జాగా

జనవరి 6

బావగారికి నమస్కారం.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా దుకాణం తప్ప. ఆ భవనం పడగొట్టి కొత్తది కడతారట. ఖాళీ చెయ్యమన్నారు, చేశాను. ఇప్పుడు నా పాత కుట్టుమిషన్లూ, స్క్రూల డబ్బాలూ, నేనూ అందరం కలిసి ఇంటి వెనక గదిలో ఉన్నాం. ఆ గది మీ చెల్లెమ్మది. ఇస్త్రీ బల్ల, బట్టలారేసుకునే తీగ, మధ్యాహ్నం పూట నడుం వాల్చే మంచం అన్నీ అందులోనే ఉండేవి. ఒక్క షరతు మీద ఇచ్చింది. "తలుపు మూసుకోవాలి. మీ ఇనుము నా హాల్లోకి రాకూడదు" అంది. ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఎక్కడికి పోతాను?

ఈ సంగతి ఫోన్లోనే అడుగుదామనుకున్నాను. కానీ జన్మంతా యంత్రాల హోరులో నిలబడ్డ చెవులు మీవి. కిందటిసారి నేనిక్కడ అరుస్తుంటే ఇంట్లో ఏదో గొడవనుకుని ఎదురింటాయన పరుగెత్తుకొచ్చాడు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

స్కూలు యూనిఫారాలు కుట్టే యూనిట్ ఒకటి ఉంది. వాళ్ళవన్నీ పాత మోడల్ కుట్టుమిషన్లు. సూది కింద గుడ్డను ముందుకు నెట్టే పళ్ళపట్టీ ఉంటుంది కదా, అది అరిగిపోతే కొత్తది దొరకడం లేదు. చేసే కంపెనీ ఎప్పుడో మానేసింది. వాళ్ళ మిషన్లన్నిటికీ నేను పట్టీలు చేసిపెడితే ఇక రిపేర్ల పనంతా నాకే ఇస్తామన్నారు. చెయ్యలేకపోతే పాతవన్నీ తీసేసి కొత్తవి కొంటారు, అమ్మినవాడే రిపేర్లూ చూసుకుంటాడు, నేను వెనక గదిలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. మార్చి నెలాఖరు దాకా గడువు ఇచ్చారు. ఇన్నాళ్ళూ ఆ పళ్ళు కోయించడానికి లేతు షాపువాడి చుట్టూ తిరిగాను. ఎప్పుడు వెళ్ళినా రేపంటాడు.

అందుకని ఇనుము కోసే చిన్న మిల్లింగ్ మిషను ఒకటి కొని నేనే కోసుకుందామని నిశ్చయించాను. రెండు చూశాను. ఒకటి గుండ్రటి స్తంభం మీద కోసే హెడ్డు పైకీ కిందికీ జరిగేది, చూడ్డానికి దిట్టంగా ఉంది. రెండోది చదరపు స్తంభం, కాస్త చిన్నది. ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో మిల్లింగ్ మిషను ముందే తల నెరిసి కిందటేడు రిటైరైన మనిషి మన కుటుంబంలో ఉండగా, నేను అమ్మేవాడి మాట వినడమేమిటి? ఒక్క ముక్కలో చెప్పండి. ఏది కొనను?

జవాబు కోసం ఎదురుచూసే
మీ బావమరిది


జనవరి 15

బావమరిదికి,

ఒక్క ముక్కలో చెప్పాలా? కూరగాయల వాడు కూడా అంత తొందరగా బేరం తెంచడు.

గుండ్రటి స్తంభం మాట ఇంకోసారి ఎత్తకు. కట్టరు మార్చడానికి హెడ్డు పైకి లేపావనుకో, అది స్తంభం చుట్టూ పక్కకు తిరుగుతుంది. మళ్ళీ దించితే ఇందాక కోసిన చోటికి రాదు. నీ పట్టీకి ఒక పన్ను ఉండాల్సిన చోట ఉంటుంది, రెండోది పక్కింట్లో ఉంటుంది. అది కన్నాలు వేసే డ్రిల్లింగ్ మిషనే, పేరు మాత్రం పెద్దది పెట్టుకుంది.

రెండోదాని సంగతి తేల్చాలంటే నాకు నీ గది తెలియాలి. గుమ్మం వెడల్పెంత, నేల రాయా సిమెంటా, వెలుతురు ఎటునుంచి వస్తుంది, కరెంటు తీగ ఎంత లావు, ఇవేవీ రాయకుండా మిషను ఏదని అడుగుతున్నావు. కాలు చూపించకుండా చెప్పులు కొనమన్నట్టుంది.

అన్నిటికన్నా ముందు ఒక పని చెయ్యి. అట్టపెట్టెలతో అంత మిషనూ కట్టి గదిలో నిలబెట్టు. నవ్వకు. మా టూల్‌రూమ్‌కు కొత్త మిషను వచ్చే ముందు మా ఫోర్‌మన్ అలాగే అట్టతో ఒకటి కట్టించేవాడు. మేం దాని ముందు నిలబడి ఉత్తుత్తి పిడి తిప్పుతూ ఉత్తుత్తి పని చేసేవాళ్ళం. మోచెయ్యి దేనికి తగులుతుందో, ఇనుప పొట్టు ఎవరి కళ్ళలో పడుతుందో, దీపం ఎక్కడ వేలాడాలో అప్పుడు తెలిసేది. కోసే ముక్కను బిగించే టేబులును అందరూ కుడిచేత్తో పిడి తిప్పి నడిపేవాళ్ళు. నాది ఎడమచేతివాటం కనక నా మిషనుకు ఎడమ చివర కూడా పిడి వేయించాడాయన. పెద్ద మనసున్న మనిషి. కొలతలన్నీ ఈ కాగితం వెనక గీశాను. ఎడమవైపు మనిషి నిలబడేంత జాగా వదలాలి, మరిచిపోకు.

ఇక్కడి సంగతులు ఏమున్నాయి? పై అంతస్తు వాళ్ళ కొళాయి కారుతోందంటే వెళ్ళి బాగుచేశాను. కారడం ఆగింది. నీళ్ళు రావడం కూడా ఆగింది. ఇప్పుడు మెట్ల మీద నన్ను చూస్తే వాళ్ళు తలుపేసుకుంటున్నారు. మీ అక్క నన్ను చూసి నిట్టూరుస్తోంది.

తొందరపడకు. కట్టి, నిలబడి, ఏం తగిలిందో రాయి.

బావ


జనవరి 24

బావగారికి,

కట్టాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మా ఇంటి పరిస్థితి. మిషను లేదు గాని, గదంతా మిషనే. స్తంభం ఫ్రిజ్ పెట్టెతో, టేబులు పుస్తకాల అట్టలతో, పిడులు గిన్నెల మూతలతో చేశాను. మూతలు కనబడక మీ చెల్లెమ్మ వంటింట్లో వెతుక్కుంది. చివరికి నా మిషనుకు కనబడ్డాయి. తడి తువ్వాళ్ళు తెచ్చి వాటికే ఆరేసింది. "ఎలాగూ నా తీగ తీసేశారు కదా" అంది.

మీరు చెప్పినట్టే దాని ముందు నిలబడి ఉత్తుత్తి పళ్ళు కోస్తుండగా యూనిట్ సూపర్‌వైజరు వచ్చాడు. పని ఎంతదాకా వచ్చిందో చూసిపోదామని వచ్చాడట. నేను ఒక చేత్తో మూత తిప్పుతూ, రెండో చేత్తో తువ్వాలు పక్కకు తోస్తూ ఉన్నాను. "ఇదేనాండీ మీ మిషను?" అన్నాడు. వివరంగా చెప్పాను. వింటున్నంతసేపూ మర్యాదగా తలూపాడు. ఆ మర్యాద చూస్తేనే నాకు భయం వేసింది.

అడిగినవన్నీ రాస్తున్నాను. నేల సిమెంటు. గుమ్మం ముప్ఫై అంగుళాలు. కిటికీ ఎదురుగా ఉంది. తలుపుకు ఎదురు గోడన మిషను, దాని ఎడమ పక్కన గోడకు బిగించిన చెక్క అల్మరా, కుడివైపు నా బల్ల. కరెంటు తీగ కొత్తదే. మీ కొలత ప్రకారం ఎడమవైపు అంత జాగా వదలాలంటే అల్మరా పీకాలి. అందులో నా సరంజామా అంతా ఉంది. నేను కుడిచేతివాణ్ణి, కుడివైపు పిడి తిప్పుకుంటాను. ఎడమవైపు ఎవరు నిలబడతారని అక్కడ జాగా?

చదరపు స్తంభంది కొనెయ్యమంటారా? ఔనో కాదో రాస్తే చాలు.

మీ బావమరిది


ఫిబ్రవరి 3

బావమరిదికి,

సూపర్‌వైజరు నవ్వకపోవడం మంచి లక్షణం. మా టూల్‌రూమ్‌లో అట్టమిషను చూసి నవ్వినవాళ్ళంతా తర్వాత మోచేతులకు కట్లు కట్టించుకున్నారు.

నీ కోసం మిషన్లు అమ్మే దుకాణానికి వెళ్ళొచ్చాను. నువ్వు చెప్పిన చదరపు స్తంభందాన్నే చూశాను. టేబులు పట్టుకుని ఊపితే కదిలింది. టేబులు వదులు కాకుండా లోపల ఉండే బద్దలు బిగించుకుంటే పోతుంది అది, కానీ అమ్మే పిల్లవాడికి అలాంటివి ఉంటాయనే తెలియదు. వాడికి చూపించాను. తర్వాత వాడి యజమానికి చూపించాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు, షట్టరు దించే దాకా విన్నారు. మళ్ళీ సోమవారం వెళతాను.

ఆ పక్కనే కొంచెం పెద్దది ఒకటి ఉంది. అసలు మిషనంటే అదీ. బరువుంటేనే వణకదు, వణకకపోతేనే పన్ను నున్నగా తెగుతుంది. నీ గుమ్మంలో పట్టదు. గుమ్మం చెక్క ఊడదీస్తే పడుతుంది. దాన్ని ఆలోచించు. కాదంటే వచ్చే నెల ఇంకో రకం వస్తుందంటున్నారు, అది కూడా చూసి చెబుతాను.

అల్మరా తియ్యాల్సిందే. ఎడమవైపు జాగా ఎందుకంటే, పొట్టు ఊడవడానికి, నూనె వెయ్యడానికి, ఇంకా సవాలక్ష ఉంటాయి. అన్నీ రాస్తే నీకిప్పుడు అర్థం కావు. కిటికీ నేలకు ఎంత ఎత్తులో ఉందో, తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికో రాయలేదు నువ్వు. వెంటనే రాయి.

మీ అక్క మోకాలికి కొత్త నూనె రాస్తోంది. ఇల్లంతా వాసన.

బావ


ఫిబ్రవరి 12

బావగారికి,

తలుపు లోపలికి తెరుచుకుంటుంది. కిటికీ నా మొలెత్తులో ఉంది. ఇంకేమైనా కావాలా? గోడకు ఏ రంగు వేశామో రాయనా?

కోపంగా రాస్తున్నానని నాకూ తెలుసు. పెద్దవారు, క్షమించండి, కానీ చదవండి. లేతు షాపువాడు కిందటి వారం కోసిచ్చిన పట్టీలన్నీ పనికిరాకుండా పోయాయి. పళ్ళ మధ్య ఎడం ఒక్కటీ సమంగా లేదు. యూనిట్‌కు వెళ్ళి మొహం చెల్లక వెనక్కి వచ్చాను. సూపర్‌వైజరు బల్ల మీద కొత్త కుట్టుమిషన్ల బొమ్మల పుస్తకం తెరిచి ఉంది. నాకు కనబడేలా పెట్టాడో, మరిచిపోయి పెట్టాడో తెలియదు.

నేనడిగింది రెండింట్లో ఏదని. మీరు మొదటిది కాదన్నారు. సరే. రెండోది కొలతలు తెలిస్తే చెబుతానన్నారు. పంపాను. ఇప్పుడు మూడోది చూపిస్తున్నారు, దానికోసం గుమ్మం ఊడదియ్యమంటున్నారు. గుమ్మం తీస్తే తలుపుండదు. తలుపు లేకపోతే మీ చెల్లెమ్మ నన్నూ మిషన్నూ కలిపి వీధిలో పెడుతుంది. అది చాలదని వచ్చే నెల నాలుగోది వస్తుందంటున్నారు. వచ్చే నెలే నా గడువు, బావగారూ! చెవిటివాడి ముందు శంఖమూదినట్టు ఎన్నిసార్లని చెప్పను? ఆ సామెత అనకూడదని రాశాక తట్టింది. కొట్టేస్తే మీరు కింద ఏముందో దీపం ముందు పెట్టి చూస్తారు, అందుకే వదిలేస్తున్నాను.

నాకొక్కటే అనిపిస్తోంది. నేను ఆ మిషను నడపలేనని మీ ఉద్దేశం. అందుకే ఏదీ తేల్చడం లేదు. నా మీద నమ్మకం లేకపోతే ఆ మాటే చెప్పండి. తాడు తెగేదాకా లాగొద్దు.

మీ బావమరిది


ఫిబ్రవరి 19

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. శంఖం బాగానే వినబడింది.

నువ్వు పెద్దవాడివయ్యావు. ఏది నచ్చితే అది కొనుక్కో. ఈ విషయంలో ఇక నేను రాసేదేమీ లేదు.

బావ

ముక్కను బిగించి పట్టే వైసు మాత్రం మిషనుతో పాటు వచ్చేది వాడకు. విడిగా మంచిది కొను. కట్టర్లు చౌకవి కొనకు. టేబులు మీద సుత్తి పెట్టకు. ఇక నిజంగానే రాయను.


మార్చి 5

బావగారికి,

చదరపు స్తంభందే కొన్నాను. నలుగురు మోసుకొచ్చారు. గుమ్మం దాటింది, తలుపు మూతపడింది. మీ చెల్లెమ్మ తలుపు మూసి, తెరిచి, మళ్ళీ మూసి చూసుకుంది. వైసు విడిగానే కొన్నాను. సుత్తి టేబులు మీద పెట్టలేదు. పెట్టబోయి ఆగాను.

మొదటి పట్టీ కోశాను. ఒక చివర పళ్ళు లోతుగా, రెండో చివర పైపైన పడ్డాయి. రెండోది కోశాను, అదీ అంతే. మూడోది రాయడం కూడా అనవసరం. మిషను మంచిదే, చెడగొడుతున్నది నేనేనని అర్థమైంది. ఎక్కడ చెడగొడుతున్నానో అర్థం కాలేదు. మిమ్మల్ని అడగడానికి మొహం లేదు, అలా రాశాక ఎలా అడగను? అక్కకు ఫోన్ చేశాను. "బావను అడిగిపెట్టవే" అన్నాను.

నేను మీ కబురు అడగకుండానే అక్క మొదలుపెట్టింది. "ఒరేయ్, నీ పుణ్యమా అని నా ముందు గది పోయింది" అంది. మీరు కూడా అట్టమిషను కట్టారట. నాకు కొలతలు పంపిన వారమే కట్టారట. నేను గది వివరాలు రాసినప్పుడల్లా సుద్దముక్క పట్టుకుని మీ నేల మీద మా గది గీస్తున్నారట. గుమ్మం గీశారు, కిటికీ గీశారు, నా బల్ల గీశారు. అల్మరా మాత్రం గీయలేదట. "పొద్దున్నే స్నానం చేసి, పని చొక్కా వేసుకుని, దాని ఎడమ పక్కన నిలబడతాడురా. ఎడమచేత్తో గాలిలో తిప్పుతూ ఉంటాడు. పిలిస్తే పలకడు. అది చెవుల వల్ల కాదు. నీ ఆ కోపం ఉత్తరం వచ్చాక దాని ముందుకు కూడా పోవడం లేదు. విప్పనూ విప్పడు, నన్ను ముట్టుకోనివ్వడు" అంది.

ఫోన్ పెట్టేశాను. అప్పుడు నాకు మీ మీద వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. ఎడమవైపు ఎవరు నిలబడతారని నేను అడిగాను కదా! "నేను" అని ఒక్క మాట రాస్తే ఏం పోయేది మీకు? పొట్టు ఊడవడానికట, నూనె వెయ్యడానికట! మిషను తేలిపోతే ఇక నా నుంచి ఉత్తరం రాదని, ఆ దుకాణానికి వెళ్ళే పని ఉండదని మీరు నాన్చుతుంటే, నాకు పని రాదని మీరనుకుంటున్నారని నేను కుతకుత ఉడికిపోయాను. మీ చెల్లెమ్మ అయితే ఇద్దర్నీ తిట్టింది. "అన్నయ్యగారిని రమ్మని మీరెప్పుడైనా అన్నారా?" అని అడిగింది. అనలేదు. ఇంటి అల్లుణ్ణి పిలిచి పని చేయించుకుంటారా అని నలుగురూ నవ్వుతారని నేను అనలేదు. పిలవకుండా అత్తవారి వైపు ఇంటికి పని కోసం ఎలా వెళ్ళడమని మీరు రాలేదు. మర్యాదలకు పోయి ఇద్దరం రెండు ఊళ్ళలో రెండు అట్టపెట్టెల ముందు నిలబడ్డాం.

అల్మరా పీకేశాను. సామానంతా మంచం కింద సర్దాను. మిషనుకు ఎడమ చివర పిడి లేదు, టేబులును నడిపే స్క్రూ కొస మాత్రం బయటికి వచ్చి ఉంది. కుట్టుమిషను పాత చక్రం ఒకటి తెచ్చి, మధ్య కన్నం సరిచేసి దానికి బిగించాను. తిరుగుతోంది. నేను ఎడమచేత్తో తిప్పి చూశాను, నావల్ల కాలేదు.

నెలాఖరుకు ఇంకా వ్యవధి ఉంది. సూపర్‌వైజరుకు ఒక మంచి పట్టీ చూపిస్తే మిగతావాటికి ఆగుతాడు. ఒక్కటి కూడా లేదు నా దగ్గర. బావగారూ, రండి. పెద్దమనిషిగా కాదు, పనికి పిలుస్తున్నాను. నాకు మీరు కావాలి. అక్కను కూడా తీసుకురండి, మెట్లు లేవు మా ఇంటికి.

ఆ సామెతకు క్షమించండి.

మీ బావమరిది


మార్చి 11

బావమరిదికి,

ఒక చివర లోతుగా, ఒక చివర పైపైన తెగుతోందంటే మిషను తప్పు కాదు, మంత్రాలూ అక్కర్లేదు. వైసు బిగించే ముందు టేబులు తుడిచావా? వైసు కింద ఇనుప పొట్టు ఉండిపోయింది. వైసు ఊడదీసి, టేబులూ వైసు అడుగూ శుభ్రంగా తుడిచి, అరచేత్తో రాసి చూడు. అరచేతికి తెలుస్తుంది. ఇంత చిన్న సంగతికి మూడు పట్టీలు తగలేశావు. ఇంకేదీ కొయ్యకు. మేం ఆదివారం పొద్దుటి రైలుకు వస్తున్నాం.

మీ అక్కకు నోరు ఎక్కువ. కానీ చెప్పింది అబద్ధం కాదు. రిటైరయ్యాక పొద్దున్నే లేచి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు కడుపు నిండినట్టయింది. త్వరగా తేల్చేస్తే ఏం మిగులుతుందని నాన్చాను. నీ గడువు నాకు గుర్తుంది, గుర్తుండే నాన్చాను, అది తప్పే. ఇంతకన్నా రాయించకు.

పనికి పిలిచావు కనక పనికే వస్తున్నాను. అల్లుడి మర్యాదలు మొదలెడితే వచ్చిన రైలుకే తిరిగి వెళతాను. అట్టమిషను విప్పి పాతసామాన్ల వాడికి ఇచ్చేశాను. సుద్దగీతలు మీ అక్కే కడిగింది, మోకాలు నొప్పంటూనే కడిగింది. ముందు గది మళ్ళీ ముందు గదిలా ఉంది.

ఆ చక్రం ఏ బోల్టుతో బిగించావో రాయలేదు. నువ్వు బిగించినవి ఊడతాయి. నేను వచ్చే దాకా తిప్పకు. దాని మీద తువ్వాళ్ళు ఆరెయ్యొద్దని చెల్లెమ్మకు చెప్పు. కుడివైపు పిడి మీద ఏం ఆరేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఎడమవైపుది నాది.

బావ